మా కంప్యూటర్లో పోతన

కాపురానికి వెళ్ళిన ప్రతి ఆడపిల్లకూ ఒక సంగతి అనుభవమే. పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో, వీధి తలుపు గొళ్ళెం ఏ వేళకు పడాలో, పోపుల డబ్బాలో జీలకర్ర ఏ గిన్నెలో ఉండాలో మనం అడుగు పెట్టకముందే ఎవరో ఖాయం చేసి పెట్టి ఉంటారు. ఎవరు చేశారని అడిగితే చెప్పేవాళ్ళుండరు. “మా ఇంట్లో ఇంతే” అంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి ఖాయం చెయ్యకపోతే ఇల్లు నడవదు మరి! కాకపోతే వంటగట్టు అత్తగారి ఎత్తుకు సరిపోయేలా కట్టించి ఉంటే, పొడుగుపాటి కోడలి నడుంనొప్పి ఎవరికీ కనబడదు.

కంప్యూటర్ల వాళ్ళు ఈ ఆనవాయితీనే ‘డిఫాల్ట్’ అంటారు. మనం ఏమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను చేసే పని. తెర మీద తెలుగు అక్షరం ఎంత లావుండాలి, దాని అంచులు ఎంత నునుపుగా రావాలి, వత్తు కింద ఎంత చోటు వదలాలి అన్నవన్నీ ఇలా ఎవరో ఎక్కడో కూచుని మన తరఫున ఖాయం చేసినవే. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. కంప్యూటరు పేరెత్తగానే పేజీ తిప్పెయ్యకండి. చుక్కల ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

మా హనుమకొండలో అక్షరాల ముచ్చట ఎక్కడ మొదలుపెట్టినా వేయిస్తంభాల గుడి దగ్గరికే పోతుంది. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. అక్కడి శాసనంలో భాష చాలామటుకు సంస్కృతమే అయినా, ఆ అక్షరాలు మన తెలుగు అక్షరాలకు తాతముత్తాతలు. ఎండపొద్దు ఏటవాలుగా పడేవేళ వాటిని చూస్తూ నిలబడితే నాకొకటి అనిపిస్తుంది. అక్షరం ఎలా ఉండాలో రాసేవాడి చెయ్యి ఒక్కటే నిర్ణయించదు, దేని మీద రాస్తున్నాడో అది కూడా నిర్ణయిస్తుంది. రాయి తన షరతులు తాను పెడుతుంది. తాటాకు ఇంకో రకం షరతు పెట్టింది. గంటంతో అడ్డగీత బలంగా గీస్తే ఆకు చిరుగుతుంది గనక మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలంటారు.

ఆ తర్వాత సీసం అక్షరాలు వచ్చాయి. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది. కంపోజిటరుకు ఇంగ్లీషుతో పేచీ లేదు, ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పేర్చుకుంటూ పోతే సరి. తెలుగుకు అలా కుదరదు. పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. కాబట్టి తెలుగు అరలపెట్టెలో ముక్కలెక్కువ, పనీ ఎక్కువే.

కంప్యూటరు వచ్చాక కూడా అదే గొడవ. దాన్ని కనిపెట్టినవాళ్ళు ఇరవై ఆరు అక్షరాలవాళ్ళు. అక్షరాలన్నీ ఒకే పీట మీద బుద్ధిగా వరసగా కూచుంటాయన్నది వాళ్ళకు డిఫాల్టు. పీట కిందికి కాళ్ళు జాపుకుని కూచునే అక్షరాలు లోకంలో ఉంటాయని వాళ్ళ ఊహకు అందలేదు.

తొంభైలలో మన పత్రికలు ఇంటర్నెట్టులోకి వచ్చినప్పుడు ఎవరి ఫాంటు వారిదే. ఇంగ్లీషు ‘ఎ’ ఉండాల్సిన గదిలో ఒకరు ‘అ’ పెడితే ఇంకొకరు ‘క’ పెట్టేవారు. ఆ పత్రిక ఫాంటు మీ దగ్గర ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే కోడి గెలికినట్టు పిచ్చిరాతలు. నా మొదటి రెండు నవలలూ అలాంటి ఫాంటులోనే డీటీపీ అయ్యాయి. ఆ ఫైళ్ళు ఈ రోజు తెరిస్తే కథానాయిక ఏడుస్తోందో నవ్వుతోందో కన్నతల్లిని నాకే తెలియదు! పుస్తకం ప్రతులు అలమరలో ఉన్నాయి గనక సరిపోయింది. అవీ లేని రచయితల మాటేమిటి?

ఈ గందరగోళానికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. క అంటే ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా ఒకటే అంకె. ఇంటి నంబర్లు ఖాయమయ్యాయన్నమాట. అయితే నంబరు వేసినంత మాత్రాన ఇల్లు లేవదు కదా! ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం యంత్రానికి నాలుగు అంకెలు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత దీర్ఘం. ఆ నాలిగింటినీ కలిపి ఒక ముద్దగా, అందంగా అల్లే పని వేరే ఎవరో చెయ్యాలి. పూలూ దారమూ ఇచ్చినంత మాత్రాన దండ తయారు కాదు, కట్టే చెయ్యి కావాలి.

ఆ కట్టే చెయ్యి లేకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో కంప్యూటరు వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి అనే ఫాంటు ఉండేది. కానీ అల్లిక అవసరమైన లిపుల కోసం సెట్టింగుల లోపల ఎక్కడో ఒక గడి ఉండేది, అందులో టిక్కు పెట్టుకోవాలి. ఆ పనికి ఒక్కోసారి సీడీ కూడా అడిగేది. మామూలుగా ఆ గడి ఖాళీగా ఉండేది. అంటే ‘ఈ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు’ అన్నది డిఫాల్టు! ఆ గడి సంగతి తెలియనివాళ్ళు తెలుగు కంప్యూటరుకు పనికిరాదనుకుని ఊరుకున్నారు. 2007లో జనంలోకి వచ్చిన విస్టాతో ఆ టిక్కు పెట్టే బాధ తప్పింది. అక్షరాలు మారలేదు, భాష మారలేదు. ఒక గడిలో టిక్కు మారిందంతే.

మరో ముచ్చట. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కొన్ని ఉన్నట్టుండి కుప్పకూలాయి. కారణం మన ‘జ్ఞా’. దాని మధ్యలో కంటికి కనబడని విరామపు గుర్తు ఒకటి దూరినప్పుడు దాన్ని ఎలా అల్లాలో ఆ ఫోనుకు తెలియలేదు. ఎవరైనా ఆ అక్షరాన్ని మెసేజీలో పంపితే చాలు, అందుకున్న ఫోను చతికిలబడేది. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకు నవ్వూ వచ్చింది, కాస్త గర్వమూ కలిగింది. వేల రూపాయల ఫోనుకు మన ‘జ్ఞానం’ బరువైంది కదా! కంపెనీ వారు అదే నెల 19న మరమ్మతు విడుదల చేసేదాకా వాడేవాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఇల్లు వాళ్ళది, తాళంచెవి వాళ్ళది.

తాళంచెవి మన చేతికే ఇచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి. వాటినే ఓపెన్ సోర్స్ అంటారు. లినక్స్ అలాంటిది. దాని లోపల ఏమి రాసి ఉందో ఎవరైనా చూడవచ్చు, తెలిసినవాళ్ళు మార్చవచ్చు, మార్చింది పదిమందికీ పంచవచ్చు. అందులో అక్షరాల పని ముగ్గురు పంచుకుంటారు. ఏ ఫాంటు వాడాలో తేల్చేది ఫాంట్‌కాన్ఫిగ్, కీత్ ప్యాకార్డ్ మొదలుపెట్టింది. అక్షరాలను అల్లేది హార్ఫ్‌బజ్. అల్లినదాన్ని తెర మీద చుక్కల్లో పోసేది ఫ్రీటైప్, డేవిడ్ టర్నర్ 1996లో మొదలుపెట్టింది.

హార్ఫ్‌బజ్ పేరు వినగానే మా మామగారు గుర్తొచ్చారు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం ఆయనది. అక్షరాన్ని ‘హర్ఫ్’ అనేవారు. ఇదీ ఆ మాటే! ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ అనే ఆయన దీన్ని తిరగరాసి ఇప్పటి రూపానికి తెచ్చారు. పేరు పారసీకంలోంచి తీసుకున్నది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. పారసీకం పేరున్న పనివాడు ఇవాళ మన ‘స్వేచ్ఛ’కు ఛ వత్తు అతుకుతున్నాడు. ‘స్వేచ్ఛ’ అన్నది హైదరాబాదులో 2005లో మొదలైన సంస్థ పేరు కూడానండోయ్. తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచెయ్యాలని పూనుకున్నవాళ్ళు వాళ్ళు.

ఇక పోతన సంగతి. పోతన్న ఊరు బమ్మెర మాకు దూరమేమీ కాదు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లాలోకి వెళ్ళింది. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రెండు తెలుగు ఫాంట్లు తయారుచేసి ‘పోతన 2000’, ‘వేమన 2000’ అని పేర్లు పెట్టారు. అంతటితో ఆగక, ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సుతో వాటిని లోకానికి ఇచ్చేశారు. అందుకే డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌ల తెలుగు ఫాంట్ల మూటలో పోతన చేరాడు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వను పొమ్మన్నాడని చెప్పుకునే కవి పేరు, ధర కట్టని అక్షరాలకు పెట్టడం ఎంత బాగుందో చూడండి!

మరి అంత మంచి అక్షరాలుండగా తెర మీద తెలుగు ఒక్కోసారి ఎందుకు బక్కచిక్కి కనిపిస్తుంది? మా ఇంట్లో ఈ ప్రశ్న వేసింది మా అత్తయ్య. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు, కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. పుస్తకం చేతిలో పట్టుకుంటే బరువని, మా ఆడపడుచు కొడుకు ఒక పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, భాగవతం అందులో పెట్టి ఇచ్చాడు.

రెండు రోజులు చదివి, మూడోనాడు నన్ను పిలిచింది. “ఏం బిడ్డా, గీ అచ్చరాల కాళ్ళు ఎవలో కోసుకపోయినట్టున్నయ్. నా కండ్లు మల్ల పోయినయా ఏంది?”

చూశాను. నిజమే. వత్తుల అడుగులు తెగిపోయి ఉన్నాయి. అక్షరాలు సన్నగా, బూడిదరంగులో, నీళ్ళు కలిపిన పాలలా ఉన్నాయి. మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలేమోనని ఆవిడ దిగులు. చదవడం మానేద్దామని కూడా లోపల అనుకుంటోందని మొహం చూస్తే తెలిసింది. మేనల్లుడు వచ్చి చూసి నవ్వాడు. “నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ అమ్మమ్మా. అత్తమ్మా, గిది డిఫాల్ట్ గట్లుంది, అంతే. మార్చుకోవచ్చు.”

మార్చడమంటే ఏమిటో చెబుతాను. ఇక్కడే ముగ్గు సంగతి వస్తుంది.

తెర అంటే చుక్కల వాకిలి. అడ్డంగా, నిలువుగా వేల చుక్కలు. ఫాంటులో అక్షరం మెలికల ముగ్గులా ఒంపులుగా ఉంటుంది. ఆ ఒంపును చుక్కల్లో పొయ్యాలి. ఒంపు రెండు చుక్కల మధ్యనుంచి పోతే ఏం చెయ్యాలి? ఒక పద్ధతి, ఆ చుక్కను నలుపు కాకుండా బూడిదరంగు చెయ్యడం. దూరంనుంచి అంచు నునుపుగా కనిపిస్తుంది. దీన్ని యాంటీ ఏలియాసింగ్ అంటారు. ఇంకో పద్ధతి, ఒంపునే కొంచెం జరిపి చుక్క మీదికి తేవడం. దీనిపేరు హింటింగ్. ఇంగ్లీషులో నిలువు గీతలెక్కువ గనక జరిపితే గీత గట్టిపడి స్పష్టంగా వస్తుంది. మనవన్నీ గుండ్రాలు. ఎక్కువ జరిపామా, గుండ్రం నలిగి ప ఏదో వ ఏదో తెలియకుండా పోతుంది. మూడో పద్ధతి ఇంకా చిత్రం. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ముక్కలుంటాయి. ఆ ముక్కలను విడివిడిగా వెలిగించి అంచు సరిచేస్తారు.

ఇవన్నీ మొదటినుంచీ అందరికీ ఎందుకు లేవంటే, వెనక పేటెంట్ల కథ ఉంది. హింటింగ్‌లో ఒక పద్ధతికి యాపిల్ కంపెనీ పేటెంట్లుండేవి. ఫ్రీటైప్ వాళ్ళ దగ్గర ఆ పద్ధతి రాసిపెట్టి ఉన్నా, మామూలుగా ఆపి ఉంచేవారు. 2010 మేలో ఆ పేటెంట్ల గడువు తీరింది. ఆ ఏడే వచ్చిన 2.4 కూర్పులో దాన్ని డిఫాల్టుగా తెరిచారు. అంటే కొన్నేళ్ళపాటు ఉచిత వ్యవస్థల్లో అక్షరాలు మసకగా ఉండటానికి కారణం చేతకానితనం కాదు, చట్టం భయం. మనమేమో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూచున్నాం! తనంతట తాను హింటింగ్ చేసే పనిలో తెలుగు లిపిని ఫ్రీటైప్ ప్రయోగంగా చేర్చుకున్నది 2014లో. ఆ వరసలో మన వంతు రావడానికి అంతకాలం పట్టింది.

వరస అంటే గుర్తొచ్చింది. ఫాంట్‌కాన్ఫిగ్ పని కూడా అచ్చం రేషన్ షాపు వరసే. తెర మీద తెలుగు అక్షరం రావలసి వచ్చినప్పుడు ముందున్న ఫాంటును అడుగుతుంది, “నీ దగ్గర ‘క’ ఉందా?” అని. అది ఇంగ్లీషు ఫాంటయితే లేదంటుంది. తర్వాతి ఫాంటును అడుగుతుంది. ఉందన్న మొదటి ఫాంటే మన కళ్ళముందుకు వస్తుంది. అది బక్కదా బలిసినదా, వత్తులకు చోటుందా లేదా అన్నది దానికి పట్టదు. ఈ వరస చిన్నచిన్న ఫైళ్ళలో రాసి ఉంటుంది, ప్రతి ఫైలు పేరుకూ ముందు రెండంకెలు. పదితో మొదలయ్యేవాటిలో హింటింగ్ సంగతులు, అరవైలలో ఫాంట్ల వరసలు. చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత. అంతకంటే మర్మం లేదు. యంత్రం మొత్తానిదీ కదిలించకుండా, మన ఒక్కరికి మాత్రం వర్తించేలా సొంత ఫైలు కూడా రాసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబంలో మన గదిలో మనకిష్టమైన కర్టెన్ వేసుకున్నట్టు!

మా మేనల్లుడు నాలుగు పనులు చేశాడు. తెలుగుకు పోతనను వరసలో ముందు నిలబెట్టాడు. హింటింగ్‌ను ‘స్లైట్’ అన్నదానికి, అంటే కొద్దిగా మాత్రమే జరిపేదానికి, మార్చాడు. అంచులు నునుపు చేసే గడి చూసి సరిచేశాడు. అక్షరాల కొలత ఒకటి ఉన్నదాన్ని ఒకటింపావు చేశాడు. గ్నోమ్ వాడేవాళ్ళకు ‘ట్వీక్స్’ అనే చిన్న సాధనం ఉంది, అందులో ఫాంట్ల పేజీ తెరిస్తే ఈ చివరి మూడూ అక్కడే దొరుకుతాయి. మొత్తం అరగంట పట్టింది, అందులో పావుగంట మా అత్తయ్య పెట్టిన సకినాలు తినడానికి.

మా అత్తయ్య తెర దగ్గరికి జరిగి కాసేపు కళ్ళు చికిలించి చూసింది. తర్వాత చికిలించడం మానేసింది. మెల్లగా వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూచుంది. “కాళ్ళొచ్చినయ్” అంది. అంతే. ఇక మాతో మాట్లాడలేదు, గజేంద్రుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా నేను ఆలోచించింది ఒకటే. మేనల్లుడు రాకపోతే ఆవిడ తన కళ్ళదే లోపమనుకుని చదవడం మానేసి ఉండేది. ఎన్ని ఇళ్ళలో ఎందరు పెద్దవాళ్ళు అలా మానేశారో! ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది వస్తే ‘నాలోనే ఏదో లోటు’ అనుకోవడం మన ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన డిఫాల్టు. గట్టు ఎత్తు మార్చొచ్చన్న ఆలోచన చివరికి గానీ రాదు.

మా ఊరికి ఈ పాఠం కొత్తది కాదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు చదువు చెప్పిందీ ఉర్దూలోనే. ఇంటి భాష తెలుగైనవాళ్ళు లక్షలమంది ఉన్నా, తెలుగు అక్కడ డిఫాల్టు కాదు. దాన్ని ఎవరూ ఒక్కరోజులో మార్చలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో ఇక్కడ మా హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. కొన్ని బీరువాలు, కొన్ని పుస్తకాలు, తెలుగు చదవాలన్న కొందరు మనుషులు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదనకు దిగలేదు. ఊరూరికీ రాసి వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. ఊహించుకున్న లెక్కను అసలు లెక్కతో మార్చడమంటే అదీ!

ఆయన పేరుతో ఇప్పుడొక ఫాంటు ఉంది, ‘సురవరం’. 2013 ప్రాంతంలో సిలికానాంధ్ర వారి పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల, దర్భా అప్పాజీ అంబరీష వంటివారు తయారుచేసిన ఎన్నో ఫాంట్లలో అదొకటి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ, మండలి అందరూ ఉన్నారు. అన్నీ ఉచితం, అన్నీ మార్చుకోదగ్గవి. పత్రికకో ఫాంటున్న రోజుల్లోని పిచ్చిరాతలను యూనికోడ్‌లోకి మార్చడానికి ‘పద్మ’ అనే సాధనం చేసిన వెన్న నాగార్జునగారే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. వీళ్ళెవరినీ ఏ ప్రభువూ పిలిచి పని అప్పగించలేదు. తమ ఇంట్లో తమ భాషకు చోటు సరిపోవడం లేదని గమనించి, లేచి సర్దారు.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా తెర మీద తెలుగు చదవలేకపోతున్నామంటే వెంటనే కళ్ళను అనుమానించకండి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, తప్పులేదు. దానితోపాటు ఇంట్లోని కుర్రాణ్ణో అమ్మాయినో పిలిచి ఒక్క మాట అడగండి. “ఈ అక్షరం ఇలాగే ఉండాలని ఎవరు చెప్పారురా?” ఎవరూ చెప్పలేదని తేలుతుంది. అప్పుడు నాలుగు సకినాలు చేతిలో పెట్టి కూచోబెట్టండి. మిగతా పని అరగంట.